చార్జి లిస్టులో లేని వస్తువు

పిల్లలూ, బదిలీ అయిన ప్రతి ఉద్యోగీ ఊరు విడిచే ముందు ఒక పని తప్పకుండా చెయ్యాలి. దాన్ని చార్జి అప్పగించడం అంటారు. ఆ రోజుల్లో మీ అమ్మగారో నాన్నగారో ఇంటికి ఆలస్యంగా రావడం మీరు గమనించే ఉంటారు. బీరువాలు ఎన్ని, కుర్చీలు ఎన్ని, ఫ్యాన్లు ఎన్ని, తాళంచెవులు ఎన్ని అని ఒక్కొక్కటీ లెక్క చూసి కాగితం మీద రాస్తారు. అప్పగించేవారు ఒక పక్క, పుచ్చుకునేవారు ఒక పక్క సంతకం పెడతారు. కాలు విరిగిన స్టూలు కూడా ఆ లెక్కలోంచి తప్పించుకోలేదు. 'స్టూలు, విరిగినది - 1' అని దానికీ ఒక వరస ఉంటుంది.

మేము పదకొండేళ్ళలో ఐదు ఊళ్ళు మారాం. మేము అంటే మా ఇంట్లో ముగ్గురం. ఒకరు మీకు తెలుగు పాఠం చెప్తారు, ఒకరు వేరే కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తారు, మూడోవాడు మీలాగే టీసీ పట్టుకుని బడులు మారే పిల్లవాడు. ఇద్దరి ఉద్యోగాలూ కలిపి మేము సంతకాలు పెట్టిన చార్జి లిస్టులు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక వస్తువు మాకు ఎక్కడా కనబడలేదు. ఆ బీరువాలనీ కుర్చీలనీ ఎండకీ వానకీ పాడవకుండా కాచే భవనం! దానికి ఎవరు ఎవరికి చార్జి ఇస్తారు? ఈ వ్యాసం ఆ వస్తువు గురించే.

ఈ ఆలోచన మాకు ఆరంగ్‌లో వచ్చింది. రాయ్‌పూర్ నుంచి తూర్పుగా 53వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 36 కిలోమీటర్లు వెళితే ఆరంగ్ వస్తుంది. ఇంకొంచెం ముందుకు పోతే మహానది. ఊరు చిన్నదే, కానీ తహశీలు కేంద్రం. రైల్లో వెళ్ళేవాళ్ళకు ఆరంగ్ మహానది అనే స్టేషను ఉంది. అది రాయ్‌పూర్ నుంచి విజయనగరం వెళ్ళే లైను మీద ఉంది. ఆ లైను 1931లో పూర్తయింది. మన కళింగాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య ఉద్యోగాలూ పెళ్ళిళ్ళూ ఆవకాయ జాడీలూ ఇప్పటికీ ఆ పట్టాల మీదుగానే తిరుగుతున్నాయి. మీలో కొందరి తాతగార్లు ఆ రైల్లోనే ఇక్కడికి వచ్చారని మీరే మాతో చెప్పారు.

ఒక ఆదివారం మేమూ, తెలుగు చదివే పిల్లలు కొందరూ, వాళ్ళ పెద్దవాళ్ళూ కలిసి ఆరంగ్ వెళ్ళాం. అందరూ అక్కడికి చూడ్డానికి వెళ్ళేది భాండ్ దేవల్ అనే జైన ఆలయం. పదకొండు, పన్నెండు శతాబ్దాల నాటిది. లోపల నల్లగా నిగనిగలాడే రాతిలో చెక్కిన ముగ్గురు తీర్థంకరుల విగ్రహాలు నిలబడి ఉంటాయి. బయటి గోడల నిండా శిల్పాలు. కొంత భాగం ఎప్పుడో కూలిపోగా మిగిలింది జారిపోకుండా ఇనప పట్టీలతో బిగించారు. ఇప్పుడు అది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉంది. 1958 నాటి చట్టం ప్రకారం అలాంటి కట్టడం చుట్టూ నూరు మీటర్ల లోపల కొత్త కట్టుబడి నిషేధం, ఆపైన రెండు వందల మీటర్ల వరకు అనుమతి లేకుండా కట్టకూడదు. ఈ దూరాల లెక్క 2010లో చట్టంలోకి చేరింది.

ఆ ఊరి పేరుకు ఒక కథ చెప్తారు. మయూరధ్వజుడనే రాజును పరీక్షించడానికి కృష్ణార్జునులు మారువేషంలో వచ్చారట. మనకు జైమిని భారతంలో వినిపించే కథే. మన దగ్గర ఆ రాజు తన శరీరాన్నే రంపంతో కోయించుకోవడానికి సిద్ధపడతాడు. ఇక్కడ మోర్‌ధ్వజ్ రాజు కొడుకు తామ్రధ్వజుణ్ణి కోయడానికి ఒప్పుకుంటాడు. ఆరా అంటే రంపం, అంగ్ అంటే ఒళ్ళు, కలిపితే ఆరంగ్ అని ఇక్కడివారి మాట. పిల్లలు వెంటనే అడిగారు, "మరి ఆ రాజుగారి కోట ఎక్కడుంది మేడమ్?" అని. కోట లేదు. కథ మాత్రం ఉంది.

కోట లేకపోయినా ఆ ఊళ్ళో ఒక 'ఆఫీసు కాగితం' దొరికింది. ఆరంగ్‌లో దొరికిన రాగి రేకులు సుమారు పదిహేను వందల ఏళ్ళ నాటివి. శరభపురం నుంచి పాలించిన జయరాజు అనే రాజు ఇచ్చిన ఆజ్ఞ అది. పంవా అనే గ్రామాన్ని ఒక బ్రాహ్మణుడికి దానం చేస్తూ, ఆ ఊళ్ళో కాపురముంటున్న కుటుంబాలవాళ్ళకు సంగతి తెలియజేస్తూ రాయించాడు. తేదీ ఉంది, ముద్ర ఉంది, చెక్కినవాడి పేరు కూడా ఉంది. అతని పేరు అచలసింహుడు. అక్షరాలు చూస్తే ముచ్చటేస్తుంది. మన తెలుగు అక్షరాలకు తలకట్టు ఉన్నట్టు, ఆ లిపిలో ప్రతి అక్షరం నెత్తి మీదా చిన్న నలుచదరపు పెట్టె ఉంటుంది. ఫ్లీట్ అనే పండితుడు ఈ శాసనాన్ని 1888లో అచ్చయిన పెద్ద సంపుటంలో చేర్చాడు.

ఆ రేకుల మీద ఉన్న ఒక భావం మమ్మల్ని పట్టుకుని వదల్లేదు. ఇవ్వడం వల్ల వచ్చే పుణ్యం కంటే, ఇచ్చినదాన్ని కాపాడటం వల్ల వచ్చే పుణ్యం పెద్దదని పూర్వులు అంటారు, కాబట్టి నా తర్వాత వచ్చే రాజులు దీన్ని కాపాడాలి అని ఆ రాజు కోరుకున్నాడు. ఇది ఉత్తి దానపత్రం అనిపించలేదు మాకు. తర్వాత వచ్చేవాళ్ళకు రాసిన చార్జి లిస్టులా తోచింది. తను శాశ్వతంగా ఉండనని రాసినవాడికి తెలుసు. బదిలీ ఉద్యోగి మాట్లాడినట్టే మాట్లాడాడు!

ఇప్పుడు మన కాలానికి వద్దాం. ప్రభుత్వ భవనాలు కూడా మనలాగే బదిలీ అవుతాయని మీకు తెలుసా? మనకు ఊరు మారుతుంది, వాటికి పని మారుతుంది.

రాయ్‌పూర్‌లో మీరందరూ చూసిన డీకేఎస్ ఆసుపత్రి కథే తీసుకోండి. దావూ కల్యాణ్ సింగ్ అనే దాత పేరు మీద వెలిసిన ఆసుపత్రి అది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. కొత్త రాష్ట్రానికి సచివాలయం కావాలి. కొత్త భవనం కట్టేదాకా ఫైళ్ళు ఆగవు కదా! ఆ ఆసుపత్రి భవనమే మంత్రాలయం అయింది. రోగుల మంచాలు ఉన్నచోట అధికారుల బల్లలు వచ్చాయి. పన్నెండేళ్ళ తర్వాత, 2012లో నయా రాయ్‌పూర్‌లో మహానది భవన్ తయారై సచివాలయం అక్కడికి తరలిపోయింది. పాత భవనం మళ్ళీ ఆసుపత్రిగా మారి 2018లో తలుపులు తెరిచింది. ఆసుపత్రిగా పుట్టి, డిప్యుటేషన్ మీద సచివాలయానికి వెళ్ళి, తిరిగి సొంత శాఖకు వచ్చిన ఉద్యోగి లాంటిదన్నమాట. కూల్చేసి ఉంటే ఈ తిరుగు ప్రయాణం ఉండేది కాదు.

అదే రాయ్‌పూర్‌లో మహంత్ ఘాసీదాస్ మ్యూజియం ఉంది. రాజ్‌నందగావ్ రాజు పేరు మీద 1875లో మొదలైంది. మొదట అది ఎనిమిది మూలల చిన్న కట్టడంలో ఉండేది. కొత్త భవనాన్ని 1953లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించారు.

నవంబరు 1 అనగానే మన తెలుగువాళ్ళకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. 1956లో అదే తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, రాయ్‌పూర్ జిల్లా ఉన్న మధ్యప్రదేశ్ కూడా అదే రోజున కొత్త రూపు తెచ్చుకుంది. అంతకు మూడేళ్ళ ముందు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయినప్పుడు సరిపడా భవనాలు లేక గుడారాలు వేసి ఆఫీసులు నడిపారు. మూడేళ్ళకే రాజధాని హైదరాబాదు వెళ్ళిపోయింది. 2014 తర్వాత సచివాలయం ఉద్యోగులు మళ్ళీ పెట్టెలు సర్దుకుని వెలగపూడి వెళ్ళారు. మన ఇంట్లో సామాను లారీ ఎక్కిన ప్రతిసారీ మనకొక్కళ్ళకే ఇలా జరుగుతోందని మీకు అనిపించవచ్చు. రాష్ట్రాలకు రాష్ట్రాలే సామాను సర్దుకున్నాయి, చూశారా!

అయితే భవనాలన్నిటి జాతకం ఒకేలా ఉండదు. హైదరాబాదులో కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు భవనాల సంగతి చెప్తాం.

మొదటిది సైఫాబాద్ ప్యాలెస్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో కట్టారు. నిజాం అక్కడికి వస్తుంటే ఉడుము అడ్డం వచ్చిందనీ, అపశకునమని ఆయన వెనక్కి తిరిగి తాళం వేయించాడనీ ఒక కథ చెప్పుకుంటారు. రాజు ఉండకపోయినా ఫైళ్ళు ఉన్నాయి. తర్వాత్తర్వాత అది సచివాలయంలో భాగమై, జీ బ్లాకుగా, సర్వహిత అనే పేరుతో ఎందరో ముఖ్యమంత్రుల కాలం చూసింది. 2020 జులైలో పాత సచివాలయం భవనాలతో పాటు దాన్నీ కూల్చారు. అక్కడ కట్టిన కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది.

రెండోది పంజాగుట్ట దగ్గర గుట్ట మీద ఉన్న ఇర్రం మంజిల్. నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న మహలు. ఇరం అంటే పారసీకంలో స్వర్గవనం. ఆ గుట్టను ఎర్రగడ్డ అనేవారు గనక, మన ఎరుపూ ఆ పేరులో కలిసి వినిపిస్తుందని హైదరాబాదువాళ్ళు సరదాగా చెప్తారు. నూటికి పైగా గదులున్న ఆ మహలు తర్వాత ప్రభుత్వానికి చేరి, రోడ్లు భవనాల శాఖ, నీటిపారుదల శాఖ ఇంజనీర్ల ఆఫీసులకు నెలవైంది. 2019లో దాన్ని తీసేసి అక్కడ శాసనసభకు కొత్త భవనం కట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. కొందరు పౌరులు హైకోర్టుకు వెళ్ళారు. ఆ ఏడాది సెప్టెంబరులో కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మహలు నిలిచింది.

ఒకటి ఉండి ఒకటి పోవడం తప్పా ఒప్పా అని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. పాత భవనాలకు ఖర్చు ఎక్కువ, కొత్త అవసరాలకు చోటు చాలదు, అగ్నిప్రమాదం వస్తే బయటపడే దారులు ఉండవు అనే వాదనలోనూ బలముంది. మేము చెప్పాలనుకున్నది ఇంకొకటి. కోర్టు తీర్పు ఒక గోడను కూల్చకుండా ఆపగలదు. ఆ గోడ పగుల్లో మొలిచిన రావిమొక్కను మాత్రం పీకలేదు. అది పీకేందుకు రోజూ అక్కడికి వచ్చే మనిషి కావాలి.

ఇక్కడ కొంచెం పాఠం చెప్తాం, విసుక్కోకండి. పాత ప్రభుత్వ భవనాలు ఎక్కువగా సున్నంతో కట్టినవి. సున్నపురాయిని కాల్చి, నీళ్ళు పోసి విరిపించి, ఇసక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో మెత్తగా నూరేవాళ్ళు. అందుకే గానుగ సున్నం అన్నారు. కొన్ని చోట్ల బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కూడా కలిపేవాళ్ళు. ఈ సున్నం గోడ ఊపిరి తీసుకుంటుంది. వానాకాలంలో కాస్త చెమ్మ పీల్చుకుని, ఎండాకాలంలో వదిలేస్తుంది. సిమెంటు అలా కాదు, గట్టిది, మూసేస్తుంది. సున్నం గోడ మీద సిమెంటు పూస్తే లోపలి చెమ్మకు దారి ఉండదు. చెమ్మతో పాటు వచ్చిన ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి, ఇటుక ముఖం పొరలు పొరలుగా రాలిపోతుంది. బయటికి గోడ నున్నగా కనిపిస్తుంది, లోపల కరిగిపోతూ ఉంటుంది. మంచి చెయ్యబోయి చెడు చెయ్యడం అంటే ఇదే. అందుకే ఇలాంటి కట్టడాలను ఎలా మరమ్మతు చెయ్యాలో వివరిస్తూ కేంద్ర ప్రజాపనుల శాఖ 2013లో ఒక చేతిపుస్తకం కూడా తెచ్చింది.

భవనానికి శత్రువులు ముగ్గురు. నీరు, మొక్క, మరపు. చూరు కింది కాలువలో ఆకులు పేరుకుంటే నీరు గోడలోకి దిగుతుంది. పక్షి తిని పడేసిన గింజ పగుల్లో పడితే రావిమొక్క లేస్తుంది. రెండాకుల మొక్కప్పుడు పిల్లలు కూడా వేలితో పీకేయవచ్చు. నాలుగేళ్ళు ఆగితే వేళ్ళు గోడను చీలుస్తాయి. ఇక మరపు సంగతి మా సొంత కథతో చెప్తాం.

మా రెండో పోస్టింగు కోస్తాలో ఒక ఊరు. మాకు ఇచ్చిన క్వార్టరు ఒక పాత ఆఫీసును ఆనుకుని ఉండేది. మందపాటి గోడలు, ఎత్తయిన అరుగు, మద్రాసు టెర్రసు కప్పు, టేకు దూలాలు. వేసవిలో కూడా మధ్యాహ్నం పూట ఫ్యాను అక్కర్లేదు. సామాను దింపిన రోజున వంటగది గుమ్మానికి ఏవో గీతలు కనిపించాయి. గుమ్మం చట్రం మీద అడ్డంగా, ఒకదాని పైన ఒకటి, పెన్సిలుతో కొన్ని, కత్తిమొనతో కొన్ని. పక్కన పొడి అక్షరాలు, సంవత్సరాలు. ఒకచోట తమిళం, ఒకచోట హిందీ, ఒకచోట గుండ్రటి చేతిరాతలో తెలుగు. మాకు కొంచెంసేపటికి గాని అర్థం కాలేదు. ఆ ఇంట్లో ఉండి వెళ్ళిన పిల్లల ఎత్తులు అవి! ఒక కుటుంబం తర్వాత ఒక కుటుంబం, ఎవరికీ ఎవరూ తెలియదు, అందరూ అదే గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు.

అప్పుడు మావాడికి రెండేళ్ళు. వాణ్ణీ నిలబెట్టి ఒక గీత గీశాం. అన్నిటికంటే కిందది మావాడిదే. తర్వాత రెండు పుట్టినరోజులకు ఇంకో రెండు గీతలు చేరాయి. మూడో ఏడు తిరిగేలోపు బదిలీ వచ్చింది. చార్జి లిస్టులో ఫ్యాన్లు రాశారు, ట్యూబులైట్లు రాశారు, మంచాలు రాశారు.

కొన్నాళ్ళకు ఆ ఊరి నుంచి ఫోను వచ్చింది. వరండా కప్పు కారుతోందని సిమెంటు పూశారట, రెండు వానాకాలాలకు అది ఉబ్బి పెచ్చులూడిందట, ఇక లాభం లేదని భవనాన్ని కండెమ్ చేశారట. కండెమ్ అనే మాట మన కాలనీల్లో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. పనికిరాదని కాగితం రాయడం. తర్వాత కూల్చారు. టేకు దూలాలూ గుమ్మాలూ వేలం వేశారు. ఎవరో కొనుక్కున్నారు. అది నియమం ప్రకారం జరిగిందే. ఎవరినీ తప్పుపట్టడానికి ఏమీ లేదు.

కాని ఆ గుమ్మం ఇప్పుడు ఎవరింట్లోనో ఉండి ఉంటుంది. వడ్రంగి చిత్రిక పట్టి ఉంటే గీతలు పోయి ఉంటాయి. పట్టకపోయినా అవి ఏమిటో ఆ ఇంటివాళ్ళకు తెలియదు. ఆ భవనం ఎప్పుడు కట్టారు, మొదట ఏ ఆఫీసు ఉండేది, ఆ తమిళ పిల్ల ఎవరు, ఏదీ ఎక్కడా రాసిలేదు. రాసి ఉంటే భవనం నిలిచేదని మేము అనం. రాసి ఉంటే కనీసం దాన్ని కండెమ్ చేసే కాగితం మీద సంతకం పెట్టేవారికి తాము ఏం తీసేస్తున్నారో తెలిసేది. తెలిశాక తీసెయ్యడం వేరు, తెలియక తీసెయ్యడం వేరు.

ఆరంగ్‌లో ఆ ఆదివారం చెట్టు కింద పులిహోర తింటూ ఈ కథ పిల్లలకు చెప్పాం. ఏడో తరగతి పిల్ల ఒకతి, ఇప్పటికి నాలుగు బడులు మారినది, నిదానంగా అడిగింది.

"మేడమ్, మనం ఎలాగూ వెళ్ళిపోతాం కదా. ఉండనిచోటు మనమెందుకు చూసుకోవాలి? అక్కడే ఉండేవాళ్ళు చూసుకోవాలి గాని."

మేము వెంటనే బదులు చెప్పలేదు. ఆ ప్రశ్నలో అలక ఉంది, న్యాయం కూడా ఉంది. స్నేహితులను వదిలి, సైకిలు నేర్చుకున్న సందు వదిలి, ప్రతి మూడేళ్ళకూ కొత్త బెంచి మీద కూర్చునే పిల్లకు ఆ మాట అనే హక్కుంది. ఆలోచించి మాకు తోచింది ఇది.

ప్రభుత్వ భవనంలో 'అక్కడే ఉండేవాళ్ళు' ఎవరూ లేరు. కలెక్టరు వెళ్ళిపోతారు, తహశీల్దారు వెళ్ళిపోతారు, ఇంజనీరు వెళ్ళిపోతారు, గుమాస్తా రిటైరవుతాడు. సొంత ఇంటికైతే తాతా తండ్రీ కొడుకూ ఉంటారు. సర్కారు ఇంటికి బదిలీ మీద వచ్చి పోయేవాళ్ళే వారసులు. అంటే మనమే! మనం చూడకపోతే చూడ్డానికి ఇంకో మనిషి లేడు. పదిమందిది పాము చావదు అని మన సామెత. పదిమందీ ఉండి ఎవరికి వారు పక్కవాడు కొడతాడులే అనుకుంటే పాము తప్పించుకుంటుంది. పదిమందిది భవనమైతే నిలవదు. కారణం రెండింటికీ ఒకటే.

ఇంకో మాట. మనకు సొంత ఊరి గోడలు తక్కువ. మీలో చాలామంది పుట్టింది ఒక రైల్వే ఆసుపత్రిలో, అక్షరాభ్యాసం ఇంకో రాష్ట్రంలో క్వార్టరులో, మొదటి బహుమతి మరో బడి వేదిక మీద. మీ బాల్యం ఉన్నదంతా సర్కారు గోడల మధ్యే. అవి పోతే 'నేను ఇక్కడ ఉన్నాను' అని చూపించడానికి మీకు చోటు లేదు. మన కాలనీ పిల్లలకు తాతగారి ఇల్లు ఎంతో, ఈ పాత క్వార్టరూ ఈ పాత బడీ అంతే.

ఆ పిల్ల కాసేపు పులిహోర కెలుకుతూ కూర్చుని, "అయితే మన బడి ఎప్పుడు కట్టారు మేడమ్?" అంది. అక్కడున్న ఎవరికీ తెలియదు, మాతో సహా. ఆ మర్నాడే పని మొదలుపెట్టాం.

ఒక లావుపాటి రూళ్ళ నోటుబుక్కు కొన్నాం. అట్ట మీద 'భవనం చార్జి పుస్తకం' అని రాశాం. పిల్లలు పంతులమ్మలను, తోటమాలిని, గేటు దగ్గర చాచాను, పాత విద్యార్థులను అడిగి తెలిసింది రాయడం మొదలుపెట్టారు. విన్నదీ చూసిందీ వేరువేరు రంగుల సిరాతో రాయాలని ఒక్క నియమం పెట్టుకున్నాం. ఎవరో చెప్పింది నీలం, ఫలకం మీదనో రిజిస్టరులోనో కళ్ళతో చూసింది నలుపు. చరిత్ర రాసేవాళ్ళకు ఈ తేడా ముఖ్యం.

మీరూ మీ ఊళ్ళో ఇలా చెయ్యవచ్చు. పద్ధతి చెప్తాం.

మొదట, మీ బడో, మీ అమ్మానాన్నల ఆఫీసో, తపాలా కార్యాలయమో, ఏదో ఒక ప్రభుత్వ భవనం ఎంచుకోండి. అక్కడి పెద్దల అనుమతి అడిగి పుచ్చుకోండి. శంకుస్థాపన ఫలకం ఉంటే దాని మీది మాటలు అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. తర్వాత టేపు పట్టుకుని గదుల పొడవూ వెడల్పూ, గోడ మందం కొలవండి. గళ్ళ కాగితం మీద పటం గీయండి. లెక్కల మాస్టారికి చూపిస్తే సంతోషిస్తారు. గోడ సున్నానిదా సిమెంటుదా, కప్పు పెంకులదా, టెర్రసా, స్లాబా అని రాయండి. ఏటా ఒకే నెలలో, ఒకే చోట నిలబడి ఒక ఫోటో తీయండి. ఐదు ఫోటోలు పక్కపక్కన పెడితే పగులు పెరుగుతోందో లేదో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. వానాకాలానికి ముందు కప్పు మీద ఆకులున్నాయా, గోడలో మొక్క మొలిచిందా అని కిందినుంచే చూసి పెద్దవాళ్ళకు చెప్పండి. మీరు మాత్రం కప్పు ఎక్కకండి. చివరిగా, ఆ భవనంలో ఎక్కువకాలం పనిచేసినవాళ్ళతో మాట్లాడండి. వాళ్ళు మొదట ఏమీ లేదంటారు. కూర్చుని టీ తాగేలోపు అన్నీ చెప్తారు.

మా పుస్తకంలో ఇప్పటికి నలభై పేజీలు నిండాయి. నలుపు సిరా కంటే నీలమే ఎక్కువ. ఫరవాలేదు. వెనక వరండా మూలలో మొలిచిన రావిమొక్క సంగతి ఆరో తరగతి పిల్లవాడు పదకొండో పేజీలో రాశాడు. అది చదివి తోటమాలి దాన్ని వేరుతో సహా తీశాడు. ఆ పిల్లవాడి నాన్నగారికి తర్వాత ఈశాన్యం వైపు బదిలీ అయింది. మొక్క తీసినచోట సున్నం నింపిన మచ్చ ఇంకా ఉంది. దాని పక్కన గోడ మీద మేము ఏమీ రాయలేదు. పుస్తకంలో వాడి పేరుంది, తేదీ ఉంది. రాగిరేకు చివర అచలసింహుడి పేరు ఉన్నట్టే.

కట్టించినవారి పేరు రాతి మీద చెక్కుతారు. కాపాడినవారి పేరుకు మన దగ్గర ఫలకం లేదు. అందుకే ఈ పుస్తకంలో చివరి ఇరవై పేజీలు ఖాళీగా ఉంచాం. ఊరు విడిచే ప్రతి పిల్లా పిల్లవాడూ అక్కడ ఒక వరస రాయాలి. తను వచ్చినప్పుడు భవనం ఎలా ఉంది, వెళ్ళేటప్పుడు ఎలా ఉంది, తర్వాత వచ్చేవాళ్ళు ఏం గమనించాలి. కింద సంతకం. ఇష్టమైతే పక్కనే తమ ఎత్తు ఎన్ని సెంటీమీటర్లో కూడా రాయవచ్చు. ఇప్పటికి ఆరుగురు రాశారు.

ఈ ఏడు పుస్తకం ఎనిమిదో తరగతి పిల్లల దగ్గర ఉంది. మార్చిలో పరీక్షలవుతాయి, ఏప్రిల్ నుంచి ఆర్డర్లు మొదలవుతాయి. వాటిలో మా పేరూ ఉండవచ్చు, మీ నాన్నగారి పేరో అమ్మగారి పేరో ఉండవచ్చు. ఉంటే, టీసీ కోసం ఆఫీసు గదికి వెళ్ళే ముందు ఒకసారి ఎనిమిదో తరగతి గదికి రండి. కిటికీ పక్క బీరువాలో పై అరలో పుస్తకం ఉంటుంది, పెన్ను దారంతో కట్టి ఉంటుంది.